వందలో నేను నిజంగా చదివినవి ఎన్ని: ఒక ఏడాది లెక్క

పోయినేడు సంక్రాంతికి మా పిన్ని కూతురు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా పెట్టింది. 100 పుస్తకాల పేర్లు, అన్నీ ఇంగ్లీషువే, పైన రెండు ముక్కలు: ఈ వందలో చాలామంది ఆరుకు మించి చదివి ఉండరని బీబీసీ అంటోంది, మీరెన్ని చదివారో లెక్కపెట్టి చెప్పండి అని. పండగ సెలవులు కదా, అందరూ ఇళ్ళలోనే ఉన్నారు, గంటలో గ్రూపు నిండా అంకెలే. మా బావ 54 అన్నాడు, ఒక తమ్ముడు 31, గ్రూపులో ఎప్పుడూ మాట్లాడని మా చిన్న వదిన కూడా 12 అని పెట్టింది. నేను డాబా మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో పేరూ చూసుకుంటూ లెక్కపెట్టాను. 27 వచ్చింది, పెట్టేశాను. ఆ రోజంతా మనసు హాయిగా ఉంది.

రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి, అప్పుడు పదో తరగతి, నా ఫోన్లో ఆ జాబితా చూస్తూ, "అమ్మా, గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ కూడా చదివావా? చివరికి పిప్ ఏమవుతాడు?" అని అడిగింది. మామూలుగా అడిగింది, పరీక్ష పెట్టాలని కాదు. నాకు శ్మశానం గుర్తుంది, అక్కడ పిప్‌ని పట్టుకుని బెదిరించే ఖైదీ గుర్తున్నాడు, పెళ్ళిబట్టల్లోనే ముసలిదైపోయి గడియారాలన్నీ ఆపేసుకుని కూర్చున్న మిస్ హావిషామ్ గుర్తుంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంత తవ్వుకున్నా లేదు. ఎందుకంటే నేను చదివింది ఆ నవల కాదు, స్కూల్లో మాకు నాన్-డీటెయిల్‌గా పెట్టిన సన్నటి కుదింపు, అదీ పరీక్షకి వచ్చే అధ్యాయాల వరకే. పాతికేళ్ళుగా దాన్ని "చదివాను" అనుకుంటూనే ఉన్నాను, ఎవరైనా అడిగితే అలాగే చెప్పాను కూడా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి, ఒక కాగితం తీసుకుని, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఈసారి ఒక్కో పేరు దగ్గర ఆగి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నా కళ్ళతో చదివానా లేదా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. లైఫ్ ఆఫ్ పై సినిమా చూశాను, పుస్తకం తెరవలేదు. హామ్లెట్ డిగ్రీలో గైడులో చదివాను. ఎ సూటబుల్ బాయ్ మొదటి రెండొందల పేజీల దగ్గర ఆగిపోయింది, ఇప్పటికీ గుర్తుగా పెట్టిన కాగితం అక్కడే ఉంది. మిడ్‌నైట్స్ చిల్డ్రన్ సగం. డికెన్స్‌వి మూడు టిక్కులు పెట్టాను, మూడూ నాన్-డీటెయిలే. తీసేయగా తీసేయగా 9 మిగిలాయి. అందులో హ్యారీ పాటర్ ఏడు భాగాలూ కలిపి జాబితాలో ఒకటే లెక్క.

27 నుంచి 9. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు, కానీ నాకు లోపల చాలా బాధ కలిగింది. పుస్తకాలంటే ప్రాణమని చెప్పుకునే మనిషిని నేను.

మర్నాడు ఆ జాబితా గురించి కూడా కాస్త వెతికాను. ఈ ఆరు అనే మాట బీబీసీ అన్నది కాదట. బీబీసీ 2003లో బ్రిటన్‌లో "ది బిగ్ రీడ్" అని ఒక ఓటింగ్ నిర్వహించిన మాట నిజం, లక్షలమంది ఓటేశారు, ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదటి స్థానంలో వచ్చింది. కానీ మన ఫోన్లలో తిరిగే జాబితా ఎక్కువగా 2007లో వరల్డ్ బుక్ డే సందర్భంగా అక్కడ జరిగిన వేరే పోల్‌కి దగ్గరగా ఉంటుంది, దాంట్లో మొదటిది ప్రైడ్ అండ్ ప్రెజుడిస్. షేక్‌స్పియర్ మొత్తం రచనలు ఒక నంబరు, మళ్ళీ హామ్లెట్ విడిగా ఇంకో నంబరు. నార్నియా కథలన్నీ ఒక నంబరు, అందులోని ఒక భాగం మళ్ళీ వేరే నంబరు. ఏదో ఒక దేశంలో ఏదో ఒక ఏడాది కొంతమంది పాఠకులకి నచ్చిన పుస్తకాలు అవి, అంతే. భారతీయ మూలాలున్న రచయితల్లో నాకు కనబడినవాళ్ళు రష్దీ, విక్రమ్ సేత్, రోహింటన్ మిస్త్రీ. మా ఇంట్లో నాన్న పెట్టెలో, అటు పెద్దనాన్న బీరువాలో, ఇంకా ఎన్నో ఇళ్ళలో నేను చూసిన గోర్కీ "అమ్మ" ఆ వందలో ఎక్కడా లేదు.

అప్పుడు అనిపించింది, మన తెలుగు వంద రాసుకుని దాంట్లో నా లెక్క ఎంతో చూసుకోవాలని. తెలుగులో ఇలాంటి జాబితాలు లేకపోలేదు, చాలామంది చాలాసార్లు వేశారు, ఒకదానికొకటి కలవవు. నేను నేరుగా మా పెద్దనాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన విద్యానగర్‌లో ఉంటారు, జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, ఎనభైకి దగ్గర పడ్డారు. మూడు ఆదివారాలు కూర్చున్నాం. దొరికిన నాలుగైదు జాబితాలు నేను ప్రింట్ తీసుకెళ్ళాను, ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్ తీయించి, నా చేత గీతలు కొట్టించి, నంబర్లు వేయించారు. కన్యాశుల్కం, మాలపల్లి, వేయిపడగలు, మహాప్రస్థానం, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, మైదానం, అమరావతి కథలు... ఇవి ఏ జాబితాలో చూసినా ఉంటాయి, వాటి గురించి వాదన లేదు. అరవై దాకా వెళ్ళేసరికి ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, "ఇందులో మనోళ్ళేరమ్మా?" అన్నారు.

మాది నల్లగొండ వైపు. నేను అప్పటిదాకా ఆ కోణంలో చూడనే లేదు. నేను తీసుకెళ్ళిన కాగితాల్లో తెలంగాణ రచనలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వట్టికోట ఆళ్వారుస్వామి పేరు ఒక్కదాంట్లోనే కనబడింది. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం అచ్చు వేసి జనంలోకి పంపిన మనిషి, ఆయన "ప్రజల మనిషి" లేకుండా తెలుగు వంద ఏమిటని పెద్దనాన్న పట్టుబట్టారు. దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్ళు" చేర్చాం. ఇంకో పది దాకా చేర్చాం, దానికోసం కొన్ని పెద్ద పేర్లు తీసేయాల్సి వచ్చింది, వాటిలో రెండు నాకు చాలా ఇష్టమైనవి. ఏ జాబితా అయినా వేసినవాళ్ళు ఎక్కడ కూర్చుని వేశారో అక్కడినుంచే కనబడుతుంది, నా జాబితా విద్యానగర్‌లో మా పెద్దనాన్న గదిలోంచి చూసి వేసింది, ఆ సంగతి నేను దాచను.

ఇప్పుడు నా లెక్క. చూడగానే 44 అనిపించాయి. పెద్దనాన్న ముందు కూర్చుని లెక్కపెట్టేసరికి 17.

ఆ పోయిన 27 ఎలా పోయాయో చెప్పాలి, ఎందుకంటే నాలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు నేను గ్రూప్-2కి ప్రిపేరయ్యాను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున తలుపులు తీయకముందే వెళ్ళి సీటు పట్టుకునేవాళ్ళం. అక్కడ కూర్చుని నేను తెలుగు సాహిత్యమంతా బిట్లుగా నేర్చుకున్నాను. మాలపల్లి అంటే ఉన్నవ లక్ష్మీనారాయణ, 1922, జైల్లో రాశారు, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. వేయిపడగలు అంటే విశ్వనాథ, 1934, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు నారాయణరావుతో పాటు బహుమతి, హిందీలోకి సహస్రఫణ్ పేరుతో పి.వి. నరసింహారావు అనువాదం. దయానిధి ఎందులో పాత్ర, సీతారామారావు ఎందులో పాత్ర, జతపరచండి. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. లైబ్రరీలో నేను కూర్చున్న బల్లకి పది అడుగుల దూరంలో ఆ పుస్తకాలన్నీ బీరువాలో ఉండేవి, ఒక్కదాన్నీ తీసి చదవలేదు. పేరూ, రచయితా, సంవత్సరమూ తెలిస్తే చదివినట్టేనని మనసు ఎప్పుడో ఒప్పేసుకుంది. ఉద్యోగం రాలేదు, తర్వాత ప్రైవేటులో అకౌంట్స్‌లో చేరాను, ఆ బిట్లు మాత్రం నాలో చదివిన పుస్తకాల లెక్కలో ఉండిపోయాయి.

కన్యాశుల్కం కూడా అలాగే పోయింది. సినిమా నాలుగైదుసార్లు చూశాను, స్కూల్లో ఒక పాఠం ఉండేది, గిరీశం మాటలు ఇంట్లో అందరం వాడతాం. పుస్తకంగా చదవలేదు. మహాప్రస్థానం పోవడం అన్నిటికంటే కష్టమనిపించింది, ఎందుకంటే అందులో ఐదారు గేయాలు నాకు నోటికి వచ్చు. పెద్దనాన్న, "ముందుమాటగా చలం రాసిన యోగ్యతాపత్రం చదివావా? చివరి గేయం ఏది?" అన్నారు. చెప్పలేకపోయాను. టిక్కు ఆయన కొట్టేయలేదు, నేనే కొట్టేశాను. ఆయన నొచ్చుకోలేదు, నన్ను నొప్పించలేదు. "పదిహేడంటే పదిహేడు. అక్కణ్ణించి నడువు" అన్నారు.

సూత్రాలు మేమిద్దరం కలిసి పెట్టుకున్నవే. చివరి పేజీ దాకా చదవాలి. పాఠం, సినిమా, గైడు లెక్కలోకి రావు. కుదించినది రాదు. వారపత్రికలో సీరియల్‌గా చదివితే అన్ని వారాలూ చదివి ఉండాలి. మా అమ్మ వాళ్ళ కాలంలో సీరియళ్ళు చింపి సూదీదారంతో కుట్టుకుని దాచుకునేవాళ్ళు, అలా కుట్టిన వాటిలో నేను చదివిన రెండు ఈ 17లో ఉన్నాయి, వాటిని పూర్తి హక్కుతో ఉంచుకున్నాను.

పుస్తకాలు దొరకడం ఇంకో కథ. కొత్తగా అచ్చులో ఉన్నవి కాచిగూడలో నవోదయలో తేలిగ్గానే దొరికాయి, పేరు చెప్తే చాలు, పై అరలోంచి తీసి ఇస్తారు. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ వచ్చేదాకా ఆగుదామనుకున్నవి కొన్ని. పాతవాటికి మాత్రం ఆదివారం అబిడ్స్‌కే పోవాలి. ఇంటర్ గైడ్లు, ఇంజనీరింగ్ పుస్తకాలు, ఇంగ్లీషు థ్రిల్లర్లు గుట్టలుగా పోసి ఉంటాయి, తెలుగు పుస్తకాలు ఏ గుట్ట అడుగునో, వంగి వెతుక్కోవాలి, మధ్యాహ్నం ఎండకి ఫుట్‌పాత్ కాలిపోతుంది. అక్కడ నాకు దొరికిన ఒక పాత నవల ఇప్పటికీ చేతిలోకి తీసుకుంటే ఆ రోజు గుర్తొస్తుంది. అట్ట మీద చివికిన గోధుమరంగు కాలికో బైండింగ్, లోపలి పేజీలో నీలం సిరాతో "మా పెద్దమ్మాయి పుట్టినరోజుకి" అని రాసి కింద 1968 అని తేదీ, మధ్యలో నలిగి పలచబడ్డ ఒక వేపాకు. పుస్తకాలు తొలిచే పురుగు చేసిన కంత ఒకటి మొదటి పేజీ నుంచి నలభయ్యో పేజీ దాకా సూటిగా పోయింది, ప్రతి పేజీలోనూ ఒకే చోట. ఎనభై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చదువుతూ 112వ పేజీ తిప్పితే 129 వచ్చింది. పదహారు పేజీలు లేవు. మళ్ళీ ఆదివారం అదే మనిషి దగ్గరికెళ్తే ఆయన తిప్పి చూసి, "ఒక ఫారం ఎగిరిపోయిందమ్మా, బైండింగులోనే పోయుంటుంది" అని నలభై రూపాయలు వెనక్కి ఇవ్వబోయాడు. తీసుకోలేదు. ఆ పదహారు పేజీలూ తర్వాత ఒక లైబ్రరీ కాపీ నుంచి జిరాక్స్ తీయించి, మధ్యలో పెట్టి అంటించాను, అప్పుడే టిక్కు పెట్టాను.

కొన్ని ఫోన్లోనే చదివాను. పాత తెలుగు పుస్తకాలు ఎన్నో స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టి ఉన్నాయి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పనిలో భాగంగా చేసినవి, ఒక్కోసారి పేజీ వంకరగా ఉంటుంది, స్కాన్ చేసినవాళ్ళ బొటనవేలు కూడా పడుతుంది, అయినా వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను.

చదివింది ఎక్కువ భాగం మెట్రోలో. నేను హబ్సిగూడలో ఎక్కి హైటెక్ సిటీలో దిగుతాను, పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట. హబ్సిగూడలో చాలా రోజులు సీటు దొరుకుతుంది, అమీర్‌పేటలో జనం ఒక్కసారిగా పడతారు, అప్పటికి పుస్తకంలో మునిగిపోయి ఉంటే ఏమీ తెలియదు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది, చుట్టూ అందరూ ఫోన్లు చూస్తుంటే నేనొక్కదాన్ని అట్ట చిరిగిన తెలుగు నవల పట్టుకుని కూర్చోవడం. డాక్టర్ పి. శ్రీదేవి "కాలాతీత వ్యక్తులు" చదువుతున్న రోజు ఆ ఇబ్బంది పోయింది. ఆవిడ రాసిన ఒకే నవల అది, 1957-58లో తెలుగు స్వతంత్రలో సీరియల్‌గా వచ్చింది, 1961లో చిన్న వయసులోనే ఆవిడ చనిపోయారు. అందులో ఇందిర అనే అమ్మాయి ఉంటుంది. ఆమెను మంచిది అనలేం, చెడ్డది అనలేం, తన బతుకు తను బతకాలని అంత మొండిగా నిలబడే ఆడపిల్లని ఆ రోజుల్లో ఒక స్త్రీ అంత నిబ్బరంగా ఎలా రాయగలిగిందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. తలెత్తేసరికి రైలు ఖాళీ అయిపోయింది, రాయదుర్గం, ఆఖరి స్టేషన్. అదే రైల్లో వెనక్కి వచ్చాను, ఆఫీసుకి ఇరవై నిమిషాలు లేటు. ఈ నవల ఆధారంగానే "చదువుకున్న అమ్మాయిలు" అనే సినిమా తీశారని నాకు బిట్టుగా తెలుసు. ఇందిర మాత్రం తెలియదు.

కన్యాశుల్కానికి వారం పట్టింది. మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, మనం ఇప్పుడు చదివేది గురజాడ పూర్తిగా తిరగరాసిన 1909 నాటిది, ఏడంకాలు. మొదటి రెండంకాలు ఆ విజయనగరం మాటతీరుకి అలవాటు పడటానికే సరిపోయాయి, నోటితో పైకి చదివితే కానీ రాలేదు. నవ్వించే నాటకం అని పెరిగాను నేను. చివర్లో మధురవాణి సౌజన్యారావు పంతులుగారి ఇంటికి వచ్చి మాట్లాడే ఘట్టం చదివాక పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అంత నిజాయితీ గల మనిషి దగ్గర అంత తెలివైన స్త్రీ నిలబడి అడిగే ప్రశ్నలు అవి, ఇన్నేళ్ళూ నాకు తెలియకుండా ఒక పక్కన ఉండిపోయాయి.

వేయిపడగలకి రెండున్నర నెలలు. రెండుసార్లు పక్కన పెట్టేశాను. ధర్మారావు ఆలోచనలతో నాకు పడలేదు, కులధర్మం గురించి ఆ పుస్తకం చెప్పే దాంతో అసలు పడలేదు, ప్రతి ఆదివారం పెద్దనాన్నతో వాదన. ఆయన సమాధానం ఎప్పుడూ ఒకటే, "చివరిదాకా చదివి కొట్లాడు". చివరిదాకా చదివాను, ఇప్పటికీ కొట్లాడుతున్నాను, కానీ సుబ్బన్నపేట ఊరు కళ్ళముందు శిథిలమవుతుంటే కలిగిన దిగులు మాత్రం నాది అయిపోయింది.

ఈ ఏడాదంతటిలో నన్ను బాగా కదిలించింది చిల్లర దేవుళ్ళు. నిజాం కాలం, దొర, దొర ఉండే కోటలాంటి గడీ, వెట్టి, ఇవన్నీ మా ఇంట్లో మాటల్లో వినేదాన్నే, ఏదో పాతకాలం సంగతి అనుకునేదాన్ని. అందులో "ఆడబాప" అనే మాట వచ్చింది. సందర్భాన్నిబట్టి అర్థమైనట్టే ఉంది కానీ పూర్తిగా కాలేదు. ఆదివారం పెద్దనాన్నని అడిగాను. ఆయన వెంటనే చెప్పలేదు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పారు. దొరల ఇంటి ఆడపిల్ల అత్తవారింటికి పోతుంటే ఆమెతో పాటు ఒక పిల్లని పంపేవాళ్ళు, పని చెయ్యడానికి. ఆ పిల్లకి పెళ్ళి ఉండదు, ఇల్లు ఉండదు, గడీలోనే పెరగాలి, గడీలోనే ముసలిదవ్వాలి, దొర ఏమన్నా పడాలి. చెప్పి ఆగి, "మా ఊళ్ళో ఒకామె ఉండేది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు. గడీ వెనక వాకిలి దగ్గర కూర్చుని పల్లికాయలు ఒలిచేది. మేం పిల్లలం పోతే చేతిలో నాలుగు గింజలు పెట్టేది. ఆమెను అందరూ ఆడబాప అనే పిలిచేటోళ్ళు, నేను అదే ఆమె పేరనుకున్నా. అసలు పేరు ఎవ్వరికీ తెలియదు" అన్నారు.

నేను మళ్ళీ వెళ్ళి ఆ నవల రెండోసారి చదివాను. నోట్‌బుక్‌లో దానికి ఒకటే టిక్కు, కానీ దాని పక్కన ఆ మాట రాసి పెట్టుకున్నాను.

మధ్యలో ఒక తప్పు చేశాను, అదీ చెప్తాను. జూన్‌లో అంకె మీద ఆశ పుట్టింది. జాబితాలో సన్నటి పుస్తకాలు ఏరుకుని మూడు వారాల్లో ఐదు పూర్తి చేశాను. నోట్‌బుక్‌లో వరసగా ఐదు టిక్కులు చూస్తే ఎంతో ఊపొచ్చింది. తర్వాతి వారం మా అమ్మాయి వాటిలో ఒకదాని కథ చెప్పమంటే నాలుగు వాక్యాల తర్వాత ఆగిపోయాను, ఇంకోదాంట్లో పాత్ర పేరు తెచ్చి ఇందులో పెట్టాను. మళ్ళీ నాన్-డీటెయిల్ లాగే అయింది. అప్పుడు ఇంకో సూత్రం చేర్చాం: చదివిన వారం తర్వాత ఎవరికైనా ఆ కథ కూర్చుని చెప్పాలి, చెప్పగలిగితేనే టిక్కు. ఆ ఐదులో రెండు కొట్టేసి మళ్ళీ చదివాను. కథ వినే పని మా అమ్మాయిదే, పదో తరగతి పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉంది, వంటింట్లో గట్టు మీద కూర్చుని వినేది, నేను చపాతీలు చేస్తూ చెప్పేదాన్ని. మైదానం కథ ఎలా చెప్పాలో మాత్రం నాకు తెలియలేదు, "ఇది నువ్వే చదువుకో" అని పుస్తకం ఇచ్చేశాను.

డిసెంబరు ఆఖరికి 39. ఏడాదిలో 22 పుస్తకాలు.

గ్రూపులో నా పాత అంకె సరిచేసి పెట్టాలని చాలా రోజులు అనుకున్నాను, ధైర్యం చాలలేదు, చివరికి మళ్ళీ సంక్రాంతికి పెట్టాను: ఇంగ్లీషు జాబితాలో నేను చెప్పిన 27 తప్పు, నిజానికి 9, తెలుగు వందలో 39 అని. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. రాత్రి పదింటికి బావ ఫోన్ చేశాడు. "నీది చూశాక నేనూ లెక్కపెట్టానమ్మా. యాభై నాలుగు కాదు, పంతొమ్మిది" అన్నాడు. ఆ రాత్రి మేమిద్దరం గంటన్నర పుస్తకాల గురించి మాట్లాడుకున్నాం, ఇరవై రెండేళ్ళ మా చుట్టరికంలో అంతసేపు మేం మాట్లాడుకున్నది ఇదే మొదటిసారి. వేయిపడగలు ఆయనకి కొరియర్‌లో పంపాను.

ఇక పెద్దనాన్న సంగతి. జాబితా పూర్తయిన రోజు నేను అడిగాను, మీవెన్ని అని. 88 అన్నారు. ఆయన మీద నాకేం అనుమానం లేదు, కానీ ఆయనే మన సూత్రాల ప్రకారం లెక్క చూడమన్నారు, చూస్తే 88 నిలబడ్డాయి. మిగిలిన 12 రిటైరయ్యాక చదువుదామని పక్కన పెట్టుకున్నవి. ఈలోపు కళ్ళు పాడయ్యాయి, చూపు మధ్యలో మసక, అక్షరాలు అంచుల్లో మాత్రమే కనబడతాయట, ఆపరేషన్‌తో పోయేది కాదన్నారు డాక్టర్లు. అందుకని పోయిన ఏప్రిల్ నుంచి ఆదివారం సాయంత్రాలు ఆ పన్నెండూ నేను పైకి చదువుతున్నాను. ఆయన కుర్చీ కిటికీ పక్కన, నేను మంచం మీద. తప్పు పలికితే ఆపి దిద్దుతారు, ణ, న తేడా వదలరు. బాగున్న వాక్యం వస్తే "మళ్ళీ" అంటారు, రెండోసారి చదువుతాను.

మొదటి పుస్తకం అయిపోయినప్పుడు నేను నోట్‌బుక్ తీసి ఆయన వరసలో టిక్కు పెట్టబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు. విన్నది చదివినట్టు కాదన్నారు. నేను ఒప్పుకోలేదు, ఒక్క పేజీ కూడా వదలకుండా విన్నారు, వారం తర్వాత కథంతా నాకే తిరిగి చెప్పారు, నాకంటే బాగా గుర్తుంది. ఆయన చాలాసేపు ఆలోచించి పెన్ను ఇమ్మన్నారు, తడుముకుంటూ గడి ఎక్కడుందో వేలితో వెతుక్కుని, టిక్కు కాకుండా చిన్న సున్నా చుట్టారు. వంకరగా వచ్చింది, పక్క గడిలోకి కొంచెం పోయింది.

ఇప్పటికి ఐదు సున్నాలు అయ్యాయి. ఆరో పుస్తకం సగంలో ఉంది, పోయిన ఆదివారం కరెంటు పోయి అధ్యాయం మధ్యలో ఆగిపోయాం, 143వ పేజీ, పై నుంచి మూడో పేరా. ఈ మధ్యలో ముందుకు చదవొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు.